అల ఉన్న అక్షరం

సారెమా దీవికి పడవలు ఆగిపోయి ఇవాళ్టికి రెండో రోజు.
తార్తూ ఊళ్లో, మూడో అంతస్తులో, నా లైనక్స్ ముందు నేను.
అక్కడ ఒడ్డున, సముద్రమట్టం కొలిచే గుడిసెలో
మనిషి లేని గదిలో ఒంటరిగా వెలుగుతూ
పాత విండోస్ పెట్టె.
దాని బాగోగులు చూసే తీయు
చీలమండ విరిగి, దానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో
తన వంటింట్లో ఫోను పట్టుకుని కూర్చుంది.

"బతికే ఉందా, ఐగర్?"
ఈనబోయే గొర్రె సంగతి అడిగినట్టు అడిగింది.

పింగ్ పంపాను.
నలభై మిల్లీసెకన్లలో ఊఁ కొట్టింది.
ఊఁ కొట్టినంత మాత్రాన తలుపు తీస్తారా ఎవరైనా?

పోర్టు మూసి ఉంది. రూటర్ని బతిమాలి తెరిపించాను.
సర్టిఫికెట్ గడువు నిరుడే తీరింది.
తీరితే తీరనీ, నువ్వు నువ్వేనని నమ్ముతున్నా,
అని నొక్కాను.
ఆ తర్వాత భద్రత దగ్గర పేచీ:
మీరు ముందంటే మీరు ముందని
గుమ్మంలోనే నిలబడిపోయిన ఇద్దరు మర్యాదస్తుల్లా
నా యంత్రం, ఆ యంత్రం.
కమాండ్ చివర ఒక్క ముక్క మార్చాను.
నీలి తెర వచ్చింది. పేరు అడిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

"సాయంత్రం," అంది తీయు,
"వెనకాల మా నాన్న పడవ నంబరు."

మా అక్షరమాలలో 'ఓ'కి ఇద్దరు తోబుట్టువులు.
ఒకరి నెత్తిన రెండు చుక్కలు.
ఇంకొకరి నెత్తిన చిన్న అల.
మా భాషలో సాయంత్రం అలతోనే మొదలవుతుంది,
ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

కొట్టాను. తప్పు.
కీబోర్డ్ లేఅవుట్ మీద అనుమానం.
పాస్‌వర్డ్ గడిలో అన్నీ నల్ల గుండ్లే కదా,
అందుకని పేరు గడిలో ఆ అక్షరం కొట్టి చూశాను.
అలతో సహా, నిక్షేపంలా వచ్చింది.
మళ్లీ కొట్టాను. తప్పు.
వేలితో ఒక్కొక్కటే వెతికి, మూడోసారి.
ఖాతాకి తాళం పడింది. అరగంట ఆగమంది.

తీయు ఫోను పెట్టెయ్యలేదు.
కెటిల్ ఈల. కిటికీ రెక్క కొట్టుకుంటోంది.
ఈ యంత్రాలు రాకముందు
రోజూ సాయంత్రం గీతల కర్రతో నీళ్లు కొలిచేదట,
మంచు కురిసే సాయంత్రాలు కర్ర చేతికి అంటుకుపోయేదట,
ఒక సాయంత్రం చేతితొడుగు అక్కడే వదిలేసి వచ్చిందట.

సాయంత్రం, సాయంత్రం, సాయంత్రం.
ప్రతిసారీ రెండు చుక్కలు.

దీవివాళ్ల నోట ఆ అల పలకదు.
మా వైపు పెళ్లిళ్లలో దాని మీద జోకులు వేస్తాం.
చుట్టూ అన్ని అలలుంటే
అక్షరం మీద ఇంకొకటి దేనికని,
నేనూ వేశాను ఒకసారి, అందరూ నవ్వారు.

ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టలేదు నేను.
విని, దిద్ది, దిద్దిందే కొట్టాను.
మూడుసార్లూ.
దిద్దుతున్నానని నాకే తెలియదు.

అరగంట అయ్యింది.
రెండు చుక్కలు. నాలుగంకెలు.

నల్ల తెర.
చల్లారిన కాఫీ ఒక గుక్క.
అప్పుడు, పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా,
ఆమె గది: మూల చెత్తబుట్ట బొమ్మ,
మూడు వందల ఫైళ్లు, వాటి వెనక మసగ్గా ఒక గొర్రె ముఖం.
మధ్యాహ్నం నుంచి ఎగబాకుతున్న ఎర్ర గీత.

"డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు," అన్నాను.
"అయితే గుడిసె మెట్టు మునిగింది," అంది.
కాసేపాగి, "ఏం చేశావు?"

"మీరు చెప్పిందే."

రిపోర్టులో 'కారణం' అన్నచోట
కీబోర్డ్ లేఅవుట్ అని రాసి, చెరిపాను.
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.
గీత డెబ్బై తొమ్మిది దాటింది.